నేల విడవని సాము

అక్టోబరు పదకొండు తరవాత
నా లాగ్‌బుక్‌లో కొత్త వరస లేదు.
ఇరవై మూడు పాయింట్ ఆరు గంటలు.
అక్కడితో సరి.

అడిగినవాళ్ళకి డబ్బుల్లేవన్నాను.
విమానం అద్దె గంటకి నూట అరవై డాలర్లు,
ఆపైన మార్లిస్ ఫీజు.
గోధుమ గోదాములో లారీలు తూచే మనిషికి
ఇంతకన్నా మంచి సాకు దొరుకుతుందా?

డెవిల్స్ లేక్‌లో చలికాలమంటే
సరస్సు మీద పికప్ ట్రక్కులు తిరిగే కాలం.
గడ్డలో కన్నం తొలిచి
ఊరంతా గాలాలేసుకుని కూర్చుంటుంది.
నేను వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను
రెండు పరీక్షల పుస్తకాలతో.

ఎగరడం పూర్తిగా రాకపోయినా
ఎగరడం గురించి పాఠం చెప్పొచ్చట.
రూల్స్‌లోనే ఉంది.
గ్రౌండ్ ఇన్‌స్ట్రక్టర్‌కి విమానం అక్కర్లేదు,
డాక్టరు చీటీ అక్కర్లేదు,
గాలి ఎటు వీచినా పర్లేదు.
నేల విడిచి సాము చెయ్యొద్దంటారు కదా,
నేల విడవకుండా చేద్దామనుకున్నాను.

మొదటి పరీక్ష బోధన గురించి.
పద్దెనిమిదో ప్రశ్న:
భయపడ్డ విద్యార్థి ఏం చేస్తాడు?
కారణాలు అల్లుతాడు.
ఒప్పుకోడు.
తప్పించుకు తిరుగుతాడు.
పైవన్నీ.

పైవన్నీ అని పెట్టాను.
మార్కొచ్చింది.
ఆ గదిలో హీటరు బాగానే పనిచేస్తోంది,
నాకే వేళ్ళు చల్లబడ్డాయి.

ఫార్గో ఆఫీసులో ఇన్‌స్పెక్టర్
కాగితం మీద సంతకం పెట్టించుకుని
"ఇది నూట ఇరవై రోజులే. అసలు కార్డు పోస్టులో వస్తుంది" అన్నాడు.
ఆ కాగితాన్ని కారులో
పక్క సీటు మీద కూర్చోబెట్టి
బెల్టు పెట్టబోయి నవ్వుకున్నాను.

మంగళవారాలు, లూథరన్ చర్చి కింది గదిలో క్లాసు.
గోడకి పిల్లలు అతికించిన నోవా ఓడ,
మూల మరిగి మరిగి చేదెక్కిన కాఫీ.
నలుగురొచ్చేవారు.
పొద్దుతిరుగుడు వేసే డార్విన్ క్నుడ్‌సన్,
నైట్ డ్యూటీకి ముందు యూనిఫాంలోనే వచ్చే నర్సు లవాన్,
పేర్లు అప్పుడప్పుడూ తారుమారయ్యే
ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు.

స్టాల్ పాఠం చెప్పాల్సిన రోజు
మార్కర్ ఎండిపోయింది.
చర్చి వంటగదిలోంచి
లెఫ్సె రొట్టె తిప్పే పొడుగాటి కర్ర తెచ్చాను.
"ఇదే రెక్క అనుకోండి.
స్టాలంటే ఇంజను ఆగిపోవడం కాదు.
ముక్కు మరీ ఎత్తేస్తే
గాలి రెక్క వీపుని అంటిపెట్టుకోలేక
విడిపోతుంది.
అప్పుడు చెయ్యి వెనక్కి లాగమంటుంది.
చెయ్యి మాట వినకండి.
ముక్కు దించండి.
పడుతున్నప్పుడు
పడే వైపుకే వంగాలి."

డార్విన్ కర్ర వంకే చూస్తూ అడిగాడు:
"ఆ మాట మీ చెయ్యి విందా, టీచర్?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది.
తూకం రాసే మనిషిని,
అంకె దిద్దబుద్ధి కాలేదు.
"స్టాల్‌లో వింది. దిగేటప్పుడు వినలేదు.
రన్‌వే మీద మూడుసార్లు ఎగిరెగిరి పడ్డాను.
మూడోసారి మార్లిస్ లాక్కుంది.
ముందు చక్రం వంకరపోయింది.
అప్పట్నుంచీ ఎక్కలేదు.
డబ్బుల్లేక కాదు."

కాఫీ కుండ గురకపెడుతోంది.
కుర్రాళ్ళు బూట్లు చూసుకుంటున్నారు.

"నిరుడు నేను కంబైన్‌ని కాలవలోకి దింపాను," అన్నాడు డార్విన్.
"మర్నాడు?"
"మర్నాడు పంట ఆగుతుందా?"

అంతే. అందులో నీతేమీ లేదు.
తరవాత వాతావరణ పటాలు చెప్పాను.
సగమే అయ్యాయి.

మార్చిలో లవాన్ రాతపరీక్షకి సిద్ధమైంది.
ఆమె లాగ్‌బుక్‌లో
"ఈమెకి పాఠం చెప్పాను, పరీక్షకి తగినది" అని రాసి
నా పేరు, నా నంబరు వేశాను.
అక్టోబరు తరవాత నేను లాగ్‌బుక్‌లో రాసిన
మొదటి వరస అది,
ఇంకొకరి పుస్తకంలో.

ఆ రాత్రి మార్లిస్‌కి ఫోన్ చేశాను.
డెబ్భై ఒకటేళ్ళ గొంతు
కోపగించలేదు, సంతోషించనూ లేదు.
"రేపు గాలి ఇరవై రెండు నాట్లు. కుదరదు.
గురువారం ఏడింటికి రా.
ఇంజను వేడెక్కడానికి టైం పడుతుంది.
ఆ కుషన్ నీదే, ఇక్కడే ఉంది.
పిల్లి పడుకుంటోంది దాని మీద."